ఢిల్లీ నుంచి పాత ఆడి టీటీ తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: ఢిల్లీలో నమోదైన 2016 నాటి పెట్రోల్ టీటీ కూపే (రెండు తలుపుల కారు), 62,000 కిలోమీటర్లు తిరిగినది, 17 లక్షలకు ఇస్తామంటున్నారు. నా దగ్గర ఉన్నది సరిగ్గా 20 లక్షలు. హైదరాబాదుకు తెచ్చుకోవడం తెలివైన పనేనా?

మొదటి జవాబు: అక్కడ 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్లపై ఆంక్షల భయం ఉండటం వల్ల ధర తగ్గి కనిపిస్తుంది గానీ, ఎన్‌ఓసీ (అక్కడి రవాణా కార్యాలయం ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని, ఇక్కడ మళ్లీ నమోదు చేయించి, తెలంగాణ జీవిత పన్ను కట్టేసరికి ఆ చవకలో చాలా భాగం కరిగిపోతుంది. బండిపై బ్యాంకు అప్పు ఉంటే, అది తీరిందని తెలిపే ఫారం 35 చేతికి రానిదే బయానా ఇవ్వకండి.

రెండో జవాబు: కాగితాలకంటే నన్ను భయపెట్టేది గేర్‌బాక్సు. అందులోని రెండు క్లచ్‌లూ నూనెలో మునిగి పనిచేస్తాయి కనుక ప్రతి 60,000 కిలోమీటర్లకు ఆ నూనె, ఫిల్టరు మార్చాలి. మీరు చూస్తున్న బండికి ఆ గడువు ఇప్పుడే దాటింది, కాబట్టి బిల్లు అడగండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించి, ఎత్తు మీద రివర్సులో మెల్లగా ఎక్కించి చూడండి. కుదుపు తగిలితే బేరం వద్దు.

మూడో జవాబు: నేను ఇలాగే నేలకు దగ్గరగా ఉండే వేరొక కంపెనీ కూపే మూడేళ్లు నడిపాను. మా వీధి స్పీడ్ బ్రేకరును ఏటవాలుగా, ఒక్కో చక్రమే ఎక్కించేవాణ్ణి. మా అమ్మ అందులోంచి దిగాలంటే తలుపు పట్టుకుని, నా చేయి పట్టుకుని లేవాల్సి వచ్చేది. వెనుక సీటు సంచులకే.

ప్రశ్న అడిగినవారు: గేర్‌బాక్సు బిల్లు లేదట. ఆగుతున్నాను.