అమ్మానాన్న లేని పిల్లలు: హోమ్‌లో వేయాలా, అమ్మమ్మ దగ్గరే ఉంచాలా?

పరకాల పంతులమ్మ

మా బడిలో ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి గురించి అడుగుతున్నాను. తండ్రి మహారాష్ట్రలోని భీవండిలో సాంచెల (మరమగ్గాల) మీద పనిచేస్తూ అక్కడే చనిపోయాడు. పోయినేడు తల్లి కూడా జబ్బు చేసి పోయింది. నాలుగో తరగతి చదివే తమ్ముడున్నాడు. ఇద్దరూ అమ్మమ్మ దగ్గర ఉంటున్నారు. ఆమెకు పింఛను, రేషన్ బియ్యం తప్ప వేరే ఆధారం లేదు. ఊళ్ళో పెద్దమనుషులేమో "వరంగల్‌లో హోమ్ ఉంది, అక్కడ వేస్తే తిండికీ చదువుకూ ఢోకా ఉండదు" అంటున్నారు. ఆ పెద్దామె ఏడుస్తోంది కానీ కాదనే ధైర్యం లేదు.

నాకైతే ఇది తప్పనిపిస్తోంది. చూసుకునే మనిషి లేక కాదు, చేతిలో డబ్బు లేకే హోమ్ మాట వస్తోంది. అలాంటప్పుడు ఆ ఇంటికి డబ్బు అందేలా చూడాలి గానీ పిల్లల్ని ఇల్లు కదిలించడం ఎందుకు? మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద, ఇంట్లోనే ఉండి చదువుకునేలా ఇలాంటి పిల్లలకు నెలకు 4000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. అంతకుముందు 2000 ఉండేది, పెంచారు. మీరేమంటారు?

కాజీపేట జంక్షన్

మేడమ్, మీ ఉద్దేశం మంచిదే. నేను స్టేషన్‌లో పనిచేసేవాణ్ణి, నాకు కనపడేది మాత్రం వేరు. ప్లాట్‌ఫారం మీద దొరికే పిల్లల్లో చాలామందికి ఎవరో ఒకరు ఉంటారు. పెద్దనాన్న ఉంటాడు, చిన్నమ్మ ఉంటుంది. ఆ ఇంట్లో ఉండలేకే రైలెక్కుతారు. మొన్న చలికాలంలో ఒక పిల్లాడు గోడవారగా ముడుచుకుని పడుకుంటే లేపాం. బడి సంచిలో ఒక్క పుస్తకం లేదు. ఒక జత బట్టలు, మేకను కట్టేసే తాడు. బాబాయి వాళ్ళు మేకలు కాయమని బడి మాన్పించారట. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి అప్పజెప్పాం. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ అని ఇలాంటి పిల్లల్ని వెతుకుతూ పోలీసులు తిరుగుతారు కదా, ఎందుకు తిరగాల్సి వస్తోంది? బంధువుల చేతికి 4000 ఇస్తే అది ఎవరి కడుపులోకి పోతుందో ఎవరు చూడాలి? హోమ్‌లో కనీసం రిజిస్టర్ ఉంటుంది, అడిగే అధికారి ఉంటాడు.

మిర్చి యార్డు

పిల్లలు లేక బాధపడే దంపతులు ఎంతమంది లేరు? ఎనుమాముల దగ్గర మాకు తెలిసినవాళ్ళే ఉన్నారు, బాబును పెంచుకుంటామంటారు. బాండు పేపరు రాసుకుంటే సరిపోతుంది కదా.

హన్మకొండ లాయరు

యార్డు అన్నా, ఆ పని మాత్రం చేయకండి. బాండు పేపరు చెల్లదు. ఇలాంటి పిల్లల్ని దత్తత ఇవ్వాలంటే ముందు బాలల సంక్షేమ కమిటీ ఆ బిడ్డను దత్తతకు ఇవ్వొచ్చని ప్రకటించాలి. పెంచుకునేవాళ్ళు దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా పోర్టల్‌లో నమోదై తమ వంతు వచ్చేదాకా ఆగాలి. 2021 సవరణ తర్వాత చివరి ఆర్డరు ఇచ్చేది కలెక్టరు. అయినా ఆ బాబుకు అక్క ఉంది, అమ్మమ్మ ఉంది. వాళ్ళ నుంచి విడదీసి ఇవ్వాల్సిన అవసరం ఏమొచ్చింది?

అసలు ప్రశ్నకు వస్తే, చట్టం పంతులమ్మ గారి వైపే ఉంది. 2015 బాల న్యాయ చట్టం మూడో సెక్షన్‌లోనే ఉంది, సంస్థలో పెట్టడం ఆఖరి మార్గమని. పెద్దమనుషులు పంచాయితీ చేసి హోమ్‌లో దింపి రావడానికి వీల్లేదు. కమిటీ ముందుకు తీసుకెళ్ళాలి. వాళ్ళు ఇంటికి మనిషిని పంపి విచారణ చేయిస్తారు, ఆ రిపోర్టు చూసే ఆర్డరు వేస్తారు. రిజిస్ట్రేషన్ లేకుండా హోమ్ నడిపితే ఏడాది దాకా జైలు గానీ, లక్షకు తగ్గకుండా జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి. మీవాళ్ళు చెప్పే హోమ్ రిజిస్టర్ అయిందో లేదో ముందు కనుక్కోండి.

పరకాల పంతులమ్మ

కనుక్కున్నాను సార్. రిజిస్టర్ అయినదే. కానీ అది ఆడపిల్లలది. తమ్ముణ్ణి వేరే ఊళ్ళో మగపిల్లల హోమ్‌కు పంపాలి. ఈ సంగతి అమ్మమ్మకు ఎవరూ చెప్పనే లేదు.

మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టే రోజు ఈ పిల్ల తన గుడ్డు తినదు. నోట్‌బుక్కు కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుంటుంది. తమ్ముడు చదివే ప్రైమరీ స్కూల్ పక్కనే, వాడికీ అక్కడ గుడ్డు పెడతారు. అయినా సాయంత్రం వాడికిస్తుంది. నువ్వెందుకు తినవమ్మా అంటే, "అమ్మ ఉన్నప్పుడు వానికి రెండు పెట్టేది టీచర్" అంది. ఈ ఇద్దరినీ చెరో ఊరికి పంపి దాన్ని సంరక్షణ అని నేను అనలేను.

జంక్షన్ అన్నా, మీరు చూసింది అబద్ధం అనను. మా దగ్గర కూడా మిర్చి ఏరే రోజుల్లో హాజరు సగానికి పడిపోతుంది. అయితే అమ్మానాన్న ఉన్న పిల్లలు కూడా కూలికి పోతారు. మేకల వెంట పంపిన బాబాయినీ, ఉన్న ముద్ద పిల్లలకే పెట్టే ఈ అమ్మమ్మనూ ఒకే గాటన కట్టకండి.

ఇంకో బాధ కూడా ఉంది. కరోనాతో అమ్మానాన్న ఇద్దర్నీ పోగొట్టుకున్న పిల్లలకు పీఎం కేర్స్ కింద 10 లక్షలు కేటాయించారు. చాలా మంచి పని. కానీ కరోనా కాలంలో ఆ జబ్బుతో పోయినవాళ్ళ పిల్లలకే అది. ఊపిరితిత్తులు పాడై సాంచెల దగ్గర పోయినవాడి పిల్లల ఆకలి వేరా?

కాజీపేట జంక్షన్

గుడ్డు మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ ఇద్దర్నీ విడదీయొద్దు, ఒప్పుకుంటాను. కానీ అమ్మమ్మకు వయసెంత? రేపు ఆమె మంచాన పడితే పద్దెనిమిది నిండకుండానే ఆ పిల్లకు సంబంధం చూసేస్తారు. మన ఊళ్ళల్లో జరిగేదే ఇది. అప్పుడు ఆ 4000 ఆపగలదా? ఏడాదికోసారి వచ్చి సంతకం తీసుకుపోయే పథకం మీద నాకు నమ్మకం లేదు.

హోమ్‌లో పెరిగినవాణ్ణి

అందరికీ నమస్తే. నేను ఆరేళ్ళప్పటి నుంచి హోమ్‌లో పెరిగాను. కొట్టలేదు, పస్తులు పెట్టలేదు. ఈ రోజు ఉద్యోగం చేసుకుంటున్నానంటే అక్కడి చదువే. అందుకే హోమ్‌లను ఎవరైనా తిడితే నాకు బాధేస్తుంది.

కానీ దసరా వస్తే తెలిసేది. సెలవులకు చాలామందిని ఎవరో ఒకరు వచ్చి తీసుకుపోయేవాళ్ళు. మిగిలిన కొద్దిమందిమి గేటు దగ్గర ఆటో ఆగినప్పుడల్లా తొంగి చూసేవాళ్ళం. పండగనాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్ళు మొక్కడానికి మావాళ్ళంటూ ఎవరూ లేక వాచ్‌మన్ తాతకే పెట్టేవాళ్ళం. ఆయన కూడా దాన్ని జేబులో భద్రంగా పెట్టుకునేవాడు.

పద్దెనిమిది నిండగానే పెట్టె సర్దుకోమన్నారు. హోమ్ వదిలాక 21 ఏళ్ళ దాకా ఆఫ్టర్‌కేర్ అనే సాయం ఇవ్వొచ్చని చట్టంలో ఉందట, అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు. గది అద్దెకు అడిగితే "మీవాళ్ళెవరు, మీదే ఊరు" అంటారు. ఊరి పేరు చెప్పగలను, ఆ ఊళ్ళో నన్ను గుర్తుపట్టే మనిషి లేడు. నాకూ ఒక మేనత్త ఉండేది. రెక్కాడితే గానీ డొక్కాడని ఇల్లు ఆమెది, ఉంచుకోలేకపోయింది. నెలకు ఇంత అని ఎవరైనా ఇచ్చి ఉంటే ఉంచుకునేదని ఇప్పటికీ నమ్ముతాను.

జంక్షన్ అన్నా, మీ భయం నిజమే. కానీ ఆ భయానికి ఇంటికొచ్చి చూసేవాళ్ళను పెంచమని అడగాలి. ఇల్లే లేకుండా చేయొద్దు.

ములుగు అంగన్‌వాడీ

ఎవరు చూస్తారని అడిగారు కదా సార్. ఊరికో బాలల రక్షణ కమిటీ ఉండాలని రూలు ఉంది. చాలా ఊళ్ళల్లో అది కాగితం మీదే ఉంది, నిజం చెప్పాలి. కానీ టీచరు, ఆశ, మేము గట్టిగా నిలబడితే పెళ్ళిళ్ళు ఆగుతాయి, నేను దగ్గరుండి చూశాను.

పంతులమ్మ గారూ, ముందు కాగితాల సంగతి చూడండి, అసలు టెన్షన్ అక్కడే. స్పాన్సర్‌షిప్ రావాలంటే ఇంటి ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72 వేలు, పట్టణాల్లో 96 వేలు దాటకూడదు. మీసేవలో ఆదాయ సర్టిఫికెట్ తీసుకోండి. పిల్లల పేర్లు ఆధార్‌లో, బడి ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్‌లో ఒకేలా ఉండాలి, అక్షరం తేడా వచ్చినా తిప్పి పంపుతారు. పిల్లల పేరు మీద బ్యాంకు ఖాతా తెరిపించండి. తండ్రి మరణ సర్టిఫికెట్ మీ పంచాయతీలో రాదు, చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదు. భీవండి నుంచే తెప్పించాలి. అన్నీ పట్టుకుని హన్మకొండలో జిల్లా బాలల పరిరక్షణ అధికారిని కలవండి. అమ్మమ్మనూ తీసుకెళ్ళండి, ఆమె మాట ఆమే చెప్పాలి.

పరకాల పంతులమ్మ

బోనఫైడ్ రేపే రాయిస్తాను. భీవండి దగ్గరే ఆగిపోయాం. పోయిన మనిషితో పనిచేసినవాళ్ళు గదులు మారిపోయారు, ఫోన్లు కలవట్లేదు.

కాజీపేట జంక్షన్

కల్యాణ్‌లో మా డిపార్ట్‌మెంట్ మనిషి ఉన్నాడు మేడమ్, భీవండి అక్కడికి దగ్గరే. తండ్రి పేరు, చనిపోయిన తేదీ, ఏ ఆసుపత్రో నాకు విడిగా మెసేజ్ పెట్టండి, ఇక్కడ రాయకండి. స్పాన్సర్‌షిప్ మీద నా అనుమానం ఇంకా పోలేదు. డబ్బు పడటం మొదలయ్యాక ఆ ఇంటికి నెలనెలా మీరు వెళ్తారా?

పరకాల పంతులమ్మ

వెళ్తాను అన్నా. మెసేజ్ పెట్టాను, చూడండి.