గతిని తప్పినపుడె గమ్య మందు: ఈ వారం సమస్య, మూడు పూరణలు, కాస్త చర్చ

అందరికీ నమస్కారం అండీ. ఈసారి ఆటవెలది చివరి పాదం ఇస్తున్నా:

గతిని తప్పినపుడె గమ్య మందు

పై మూడు పాదాలు మీవి. కొత్తవాళ్ళకి ఒక్క మాట, లఘువు అంటే పొట్టిగా పలికే అక్షరం, గురువు అంటే సాగదీసి లేదా ఒత్తి పలికేది, వీటి గుంపే గణం. గురువు లఘువు గానీ మూడు లఘువులు గానీ ఉంటే సూర్యగణం, ఇంద్రగణం దానికంటే పెద్దది. ఆటవెలదిలో 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు రెండు ఇంద్రగణాలు, 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే, యతి (పాదం మొదటి అక్షరంతో ధ్వని కలవాల్సిన చోటు) నాలుగో గణం మొదటి అక్షరం, ప్రాస (పాదాల రెండో అక్షరాలు కలవడం) అక్కర్లేదు. గణాలు తలకెక్కకపోతే "విశ్వదాభిరామ వినురవేమ" అని పైకి అనుకుని వెంటనే సమస్య పాదం చదవండి, అందులోనూ అయిదు సూర్యగణాలే, నడక చెవికి పట్టేస్తుంది. ఇక చిక్కంతా అర్థంలోనే, దారి తప్పినవాడు చేరాల్సిన చోటికి ఎలా చేరతాడు?

మొదటి పూరణ, మొదటిసారి పద్యం రాస్తున్న తమ్ముడిది:

పాత దారి వదిలి కొత్త బాట పట్టి
క్రొత్త పూలు పూసె కవన వనము
అరిగినట్టి బాట నడుగేల ఆ పాత
గతిని తప్పినపుడె గమ్య మందు

తమ్ముడూ, ఊహ చాలా బాగుంది, నిజంగా. మొదటి పాదం పైకి చదువు, "కొత్త బాట పట్టి" దగ్గర నాలుక తట్టుకుంటుంది చూడు. "కొత్త బా" వరకు గురువు లఘువు గురువు, అంటే రగణం, సరే, మిగిలిన "ట పట్టి" లఘువు గురువు లఘువు, అంటే జగణం. ఇంద్రగణాలు నల, నగ, సల, భ, ర, త, ఈ ఆరే, వీటిలో జగణం లేదు. పైగా "పా"కి "కొ" యతి కుదరదు. రెండో పాదంలో గణాలన్నీ సరిపోయాయి గానీ యతి పోయింది. మూడో పాదంలో "అడుగేల ఆ" అని మధ్యలో అచ్చు అలా వదిలేయకూడదు, "యా" అవ్వాలి.

తమ్ముడి ప్రశ్న: రెండో పాదంలో క్రొ, క రెండూ కకారాలే కదా అన్నా, యతి ఎందుకు పోయింది?

మంచి ప్రశ్న, నేనూ మొదట్లో ఇక్కడే చాలాకాలం తప్పులు చేశాను. యతికి హల్లు ఒక్కటి కలిస్తే చాలదు, దాని మీదున్న అచ్చు కూడా కలవాలి. అ ఆ ఐ ఔ ఒక జట్టు, ఇ ఈ ఎ ఏ ఒక జట్టు, ఉ ఊ ఒ ఓ ఒక జట్టు. "క్రొ"లో ఉన్నది ఒ, "క"లో ఉన్నది అ, జట్లు వేరు. అదే నీ మూడో పాదం చూడు, "అరిగిన"కి "నడుగు" పెట్టావు, పైకి అ, న లాగా కనిపిస్తాయి కానీ అది బాటన్ + అడుగు, లోపల ఉన్నది అకారమే కాబట్టి స్వరయతి, అంటే అచ్చుకి అచ్చు కలిసే యతి, చక్కగా చెల్లింది. నీకు తెలియకుండానే చెవి పట్టుకుందన్నమాట!

గంటలో సవరించి పెట్టాడు:

పాత దారి విడిచి పయనించు కవి వాక్కు
కమ్మనైన పూల కవన వనము
అరిగినట్టి బాట నడుగేల యా మూస
గతిని తప్పినపుడె గమ్య మందు

"పాత" రెండుసార్లు రాకుండా "మూస" అన్నాడు, ఆ మాట నేను చెప్పలేదు, తనకే తట్టింది. చాలా సంతోషంగా ఉంది.

రెండో పూరణ:

లోభమోహములను లోనుంచుకొనినచో
క్రుంగిపోవు నతని గుండె బలిమి
వానినెల్ల వీడి వర్తించు నరు డధో
గతిని తప్పినపుడె గమ్య మందు

పై పాదం చివర "అధో" పెట్టేసరికి సమస్యలోని గతి కాస్తా అధోగతి అయ్యి చిక్కు విడిపోయింది, అవధానాల్లో ఇలాంటి విరుపులకే సభ చప్పట్లు కొడుతుంది. ఇంకోటి గమనించండి, విడిగా చూస్తే గమ్యం అందుతుంది అని అర్థం, ఇక్కడ నరుడు గమ్యాన్ని అందుకుంటాడు, అన్వయమే మారిపోయింది. ఒక అక్కగారు మాత్రం "అతని అంటే ఎవరిదండీ, ముందు ఎవరినీ చెప్పలేదుగా" అని అడిగారు, న్యాయమైన ప్రశ్నే. "క్రుంగిపోవు మనిషి గుండె బలిమి" అంటే గణం చెడదు, సందేహమూ ఉండదు.

మూడోది ఆ అక్కగారిదే, నాకు అన్నిట్లోకీ నచ్చింది:

భువిని చుట్టి చుట్టి పోయె నంగారకు
కడకు వ్యోమనౌక కక్ష్య విడిచి
యెంత తిరిగినేమి యిలచుట్టు నిత్యమ్ము
గతిని తప్పినపుడె గమ్య మందు

మంగళయాన్ అండీ! 2013 నవంబరు 5న బయల్దేరి, భూమి చుట్టూ తిరుగుతూ కక్ష్య పెంచుకుంటూ, డిసెంబరు 1న ఆ కక్ష్య వదిలి, 2014 సెప్టెంబరు 24న అంగారకుడి కక్ష్యలోకి చేరింది. "చుట్టి చుట్టి" వట్టి పునరుక్తి కాదు, జరిగిందదే. భు, పో యతి కూడా చూడండి, ప ఫ బ భ ఒకే వర్గం, ఉ ఓ ఒకే జట్టు.

ఒకరు అభ్యంతరం చెప్పారు, అది లెక్క వేసి మార్చుకున్న దారి కదా, తప్పడం ఎలా అవుతుందని. అక్కగారి జవాబు: తప్పడం అంటే పొరపాటు ఒక్కటే కాదండీ, తొలగడం అని కూడా ఉంది, దారి తప్పుకోమని అనమూ?

నాకున్న సందేహం వేరు, "నిత్యమ్ము" గణం నింపడానికే వచ్చిందేమో అనిపించింది, "యిలచుట్టు తన పాత" అంటే గతికి అతుక్కుంటుంది కదా అని అడిగాను. ఆవిడ ఒప్పుకోలేదు, పాత గతి అనగానే సమస్యలో విరోధం ముందే కరిగిపోతుందట, చివరి పాదం దాకా అది బిగువుగానే ఉండాలట. రెండూ మార్చి మార్చి పైకి చదివి చూశాను. "నిత్యమ్ము" అలాగే ఉంచుతున్నాం.