పాపికొండల లాంచీ ప్రయాణం: భద్రాచలం వైపు నుంచా, రాజమండ్రి వైపు నుంచా?

మల్కాజిగిరి అమ్మాయి:
అందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో అమ్మను, ఇద్దరు పిల్లలను తీసుకొని పాపికొండలకు వెళ్లాలనుకుంటున్నాము. అమ్మకు 68 ఏళ్లు. చదునైన నేల మీద బాగానే నడుస్తారు గానీ, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒకరు చేయి పట్టుకోవాలి. కాబట్టి నా మొదటి ప్రశ్న, పేరంటాలపల్లి దగ్గర లాంచీ దిగాక గుడి దాకా గట్టు ఎంత ఎక్కవలసి ఉంటుంది? రెండోది, భద్రాచలం మీదుగా వెళ్లి పోచవరంలో లాంచీ ఎక్కడం మేలా, రాజమండ్రి దాకా రైల్లో వెళ్లి గండిపోచమ్మ రేవులో ఎక్కడం మేలా? తిరుగు దారిలో లక్నవరం వేలాడే వంతెన కూడా అదే రోజు చూపిస్తామని ఒక ట్రావెల్స్ వారు చెబుతున్నారు. అది కుదిరే పనేనా?

గోదారిగట్టు:
ఇందులో ఆలోచించవలసింది ఏముందండీ? రాజమండ్రి వైపు నుంచే వెళ్లాలి. పాపికొండలు అంటే ఆ ఇరుకు సందు ఒక్కటే కాదు. అంత వెడల్పున పారే గోదావరి ఎగువకు వెళ్లేకొద్దీ కొండల మధ్య ఒదిగి ఒదిగి, చివరకు ఎదురుగా దారి మూసుకుపోయినట్టు కనిపించి, లాంచీ మలుపు తిరగగానే మళ్లీ తెరుచుకుంటుంది. ఆ చూపు దిగువ నుంచి వచ్చేవారికే దక్కుతుంది. భద్రాచలం వైపు వారు కథను చివరి పేజీ నుంచి చదువుతారు. నేను ఇప్పటికి పదకొండు సార్లు వెళ్లాను, పదకొండు సార్లూ ఇటు నుంచే. పొద్దున్న లాంచీలో పెట్టే ఉప్మా తినకండి, రాజమండ్రిలోనే ఇడ్లీ తిని బయలుదేరండి.

భద్రాద్రివాసి:
పదకొండు సార్లు ఒకే వైపు నుంచి వెళ్లిన వారు రెండో వైపు గురించి తీర్పు చెప్పడం ఆశ్చర్యంగా ఉంది. భద్రాచలం నుంచి పోచవరానికి సుమారు 70 కిలోమీటర్లు. దారిలో కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు కనిపిస్తుంది, అది రాజమండ్రి వారికి ఏ లాంచీ ఎక్కినా దొరకదు. ముందు రోజు రాములవారి దర్శనం చేసుకొని, రాత్రి నిద్ర చేసి, తెల్లవారి నింపాదిగా బయలుదేరవచ్చు. నీటి మీద గడిపే సమయం కూడా తక్కువ కనుక పెద్దవారికి నడుము పట్టుకుపోదు. ఇక చివరి పేజీ అన్నారు గదా, గోదావరి పారేది ఎగువ నుంచి దిగువకే. నది చదివిన వరుసలోనే మేమూ చదువుతున్నాము.

గోదారిగట్టు:
నీటి మీద తక్కువ సమయం గడపడానికైతే ఇంట్లో కూర్చొని ఫొటోలు చూసుకోవచ్చు. నేను విన్నంతలో మీ వైపు లాంచీలు పేరంటాలపల్లి దాకా వచ్చి, సందు మొదట్లోనే వెనక్కి తిరుగుతాయి. అసలు ఇరుకు చూడని వారికి పాపికొండలు చూపించామని చెప్పి డబ్బు తీసుకోవడం న్యాయమా?

భద్రాద్రివాసి:
ఏ లాంచీ ఎంత దూరం వెళ్తుందో టికెట్టు కొనే ముందే అడగాలి. అడగకుండా ఎక్కినవారి మాట విని ఊరి మీద నింద వేయకండి. నేను ఎక్కిన మూడు సార్లూ ఇరుకు దాటాకే తిప్పారు.

పట్నం కోడలు:
ఇద్దరూ పోట్లాడుకుంటూ అసలు సంగతి వదిలేశారు. లాంచీ ఎక్కే ముందు చూడవలసింది లైఫ్ జాకెట్టు. మొన్న డిసెంబరులో మేము ఎక్కిన లాంచీలో (ఏ వైపు అన్నది చెప్పను, చెబితే ఇక్కడ మళ్లీ యుద్ధం మొదలవుతుంది) జాకెట్లు అందరికీ ఇచ్చారు, కానీ మా ఆయనకు ఇచ్చినదానికి బొందె లేదు, మా పాపకు ఇచ్చినది పెద్దవారి కొలత. రేవు కనుమరుగు కాగానే గైడు స్వయంగా, ‘ఉక్కపోతగా ఉంటే తీసి పక్కన పెట్టుకోండి, మళ్లీ దిగేటప్పుడు వేసుకుందురు గాని’ అన్నాడు. తరువాత మైకు పట్టుకొని, పెద్ద పాటలు పెట్టి, కుర్రాళ్లందరినీ పై అంతస్తుకు పిలిచి చిందులు వేయించాడు. నేను అడిగితే, నలభై మంది హాయిగా ఉన్నారు, మీకొక్కరికే భయమా అని నవ్వాడు. నేను జాకెట్టు విప్పలేదు, పాపది విప్పనివ్వలేదు. తిరుగు ప్రయాణంలో కొండల నీడ పడి చలి మొదలయ్యాక తక్కినవారు ఒక్కొక్కరే మళ్లీ వేసుకున్నారు, చలికి!

సరంగు గారి మనవడు:
అమ్మా, మీరు చేసిందే సరైన పని. మా తాతగారు గోదావరి మీద నలభై ఏళ్లు లాంచీ నడిపారు. పై అంతస్తులో జనం ఒక పక్కకు చేరితే సరంగు చేతిలో చుక్కాని పనిచేయదని చెప్పేవారు. ఎడమ గట్టున ఏదో కనిపించిందని గైడు మైకులో అనగానే అందరూ ఎడమకు పరుగెత్తుతారు, లాంచీ అటు ఒరుగుతుంది. కచ్చులూరు మందం గురించి ఇక్కడ ఎవరూ ఎత్తలేదు గనుక నేను ఎత్తుతున్నాను. అక్కడ నది మలుపు తిరిగి లోతుగా సుడులు తిరుగుతుంది. 2019 సెప్టెంబరు 15న లాంచీ మునిగింది అక్కడే. అందులో 77 మంది ఉంటే 26 మందే బయటపడ్డారు. ఆ రోజు నదిలో ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వరద ఉంది. రెండు వందల అడుగులకు మించిన లోతు నుంచి ఆ లాంచీని కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం గారి బృందం అక్టోబరు 22న గాని పైకి తీయలేకపోయింది. తరువాత చాలా కాలం లాంచీలు నిలిపివేశారు. రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టి, నీటి మట్టం చూసి గాని వదలకూడదన్న నిబంధన వచ్చింది. కాబట్టి ఏ వైపు అన్నది తరువాత, ఏ నెల అన్నది ముందు. ఎర్రనీరు తీసి నది తేటపడే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వెళ్లండి. గాలి లేచిందని లాంచీ ఆపితే సంతోషించండి, డబ్బు వాపసు ఇమ్మని రేవులో గొడవ చేయకండి.

గోదారిగట్టు:
సరంగు గారి మనవడు గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఒక్క మాట, భద్రాచలం వైపు నుంచి వస్తే కచ్చులూరు దాకా రానవసరమే లేదు. ఇది నేను ఒప్పుకుంటాను. అయినా రాజమండ్రి వైపే మేలు.

ఓరుగల్లు బిడ్డ:
లక్నవరం సంగతి నన్ను అడగండి. అది గోదావరి పక్కన ఉన్నట్టు ఆ ట్రావెల్స్ వారు చెప్పి ఉంటే వారికి దండం పెట్టాలి. ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలో కాకతీయుల కాలం నాటి చెరువు అది. భద్రాచలం నుంచి మణుగూరు, ఏటూరునాగారం, తాడ్వాయి, పస్రా మీదుగా రావాలి. లాంచీ దిగి పోచవరం నుంచి భద్రాచలం చేరేసరికే చీకటి పడుతుంది, ఇక వంతెన ఎప్పుడు చూస్తారు? మరునాడు ఉంచుకుంటే లక్నవరం, రామప్ప రెండూ తీరికగా చూడవచ్చు. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు, పొద్దున్నే వెళ్లండి. వంతెన మాత్రం చూడవలసిందే. చెరువులోని ద్వీపానికి నడిచి వెళ్తుంటే కాళ్ల కింద ఊగుతుంది. హైదరాబాదు వారికి దుర్గం చెరువు మీద వేలాడే వంతెన ఉండనే ఉంది గానీ, దాని మీద నడిస్తే ఈ ఊపు రాదు.

విశ్రాంత ఇంజనీరు:
ముప్పై నాలుగు సంవత్సరాలు వంతెనల పనిలో ఉన్నవాడిగా ఒక సవరణ చేయక తప్పదు. దుర్గం చెరువు మీద 2020లో ప్రారంభించినది వేలాడే వంతెన కాదు. పెరట్లో రెండు గుంజల మధ్య తీగ కట్టి బట్టలు ఆరేస్తాము గదా, ఆ తీగ ప్రధాన కేబులు, వేలాడే బట్టలు నడక దారి అనుకోండి. అది వేలాడే వంతెన. తీగ రెండు కొసలనూ గట్టున నేలలో బిగించాలి, లేకపోతే గుంజలు లోపలికి ఒరుగుతాయి. దుర్గం చెరువుది అలా కాదు. స్తంభం నుంచి కేబుళ్లు ఏటవాలుగా, నేరుగా దారిని పట్టుకుంటాయి, పందిరి రాటకు కట్టిన లాగుతాళ్ల మాదిరిగా. అందుకే అది ఊగదు. పత్రికలవారు కూడా రెంటినీ కలిపేస్తున్నారు. లక్నవరం వంటి చోట్ల కుర్రాళ్లు వరుసగా నిలబడి లయగా ఊపుతారు. 1831లో ఇంగ్లండులో బ్రాటన్ అనే చోట సైనికులు అడుగు కలిపి నడిచినందుకే వేలాడే వంతెన కూలింది. 2022లో గుజరాత్‌లోని మోర్బీలో జరిగినదీ ఈ ఊపు వల్లనే.

చందానగర్ చందు:
అయ్యా, తమరి బట్టల తీగ ఉపమానం బాగుంది గానీ మోర్బీ సంగతి అలా తేల్చేయకండి. దర్యాప్తు బృందం చెప్పినదాని ప్రకారం ప్రధాన కేబులులోని 49 తీగల్లో 22 ముందే తుప్పుపట్టి ఉన్నాయి. అవి ప్రమాదానికి మునుపే తెగి ఉండవచ్చని కూడా చెప్పారు. మరమ్మతు చేశామని తెరిచిన నాలుగు రోజులకే, అక్టోబరు 30న కూలింది. తుప్పు చూడనివారిని వదిలేసి ఊపిన కుర్రాళ్ల మీద నెపం వేయడం మన దేశంలో పెద్ద ఉద్యోగాలు చేసినవారికి అలవాటే.

విశ్రాంత ఇంజనీరు:
నేను ఉద్యోగంలో ఏ తుప్పూ దాచలేదు. తుప్పు బలాన్ని తగ్గిస్తుంది, జనం బరువు, ఊపు మిగిలిన బలాన్ని దాటుతాయి. రెండూ కలిస్తేనే కూలుతుంది. నేను చెప్పినది సగమే అనండి, ఒప్పుకుంటాను. అబద్ధం అనకండి.

చందానగర్ చందు:
మీరు రాసినది ‘ఊపు వల్లనే’ అని. ఆ ‘నే’ ఉన్నంత వరకు సగం కూడా కాదు.

నల్లమల నీడ:
వంతెనల ప్రస్తావన వచ్చింది గనుక అడుగుతున్నాను, మా సోమశిల గురించి ఎవరూ మాట్లాడరేమి? కృష్ణ మీద సోమశిల, సిద్ధేశ్వరం మధ్య వేలాడే వంతెనకు 2022లో వెయ్యి కోట్లకు పైగా మంజూరు చేశారు. 2007లో అక్కడ పడవ మునిగి అరవై మంది దాకా పోయారు. మీకు వంతెన ఊగితే సరదా, మాకు వంతెన ఉంటే అవతలి గట్టున ఉన్న చుట్టం ఇంటికి ప్రాణభయం లేకుండా చేరుకోవడం.

దేవీపట్నం ఆడపడుచు:
ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను. రాజమండ్రి వైపా, భద్రాచలం వైపా అని ఇన్ని మాటలు అనుకున్నారు గానీ, గండిపోచమ్మ రేవు నుంచి బయలుదేరిన లాంచీ మొదటి గంటలో దేని మీదుగా వెళ్తుందో ఒక్కరూ రాయలేదు. 2021లో పోలవరం ప్రాజెక్టు దగ్గర నదిని స్పిల్‌వే (నీరు వదిలే గేట్ల కట్టడం) వైపు మళ్లించాక వెనుక నీరు మా ఊళ్లలోకి వచ్చింది. నేను పుట్టిన వీధి నీటిలో ఉంది. కిందటి ఏడాది ఆడపడుచు పిల్లలతో కలిసి నేనూ టికెట్టు కొనుక్కొని లాంచీ ఎక్కాను. గైడు మైకులో, కుడి వైపున మునిగిన ఊరు చూడండి, ఫొటోలు తీసుకోండి అన్నాడు. అందరూ కుడి వైపుకు వచ్చారు. నేను ఎడమ వైపునే కూర్చున్నాను.

పట్నం కోడలు:
వదినా, ఏమని రాయాలో తెలియడం లేదు. ఆ గైడుకు ఎవరైనా చెప్పవలసింది.

దేవీపట్నం ఆడపడుచు:
చెప్పాను. తానూ ఆ చుట్టుపక్కల వాడినేనని, ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటున్నానని అన్నాడు. ఆ తరువాత నేనేమీ అనలేకపోయాను.

భద్రాద్రివాసి:
మన్నించండి అమ్మా. మా వైపున కూనవరం, వీఆర్ పురం వారికీ వరద వచ్చిన ప్రతి ఏడూ ఇదే దిగులు. 2014లో ఆ మండలాలు ఆంధ్రలో కలిశాయి. మేము లాంచీ ఎక్కడానికి ఇప్పుడు పొరుగు రాష్ట్రానికి వెళ్లి వస్తున్నాము.

గోదారిగట్టు:
ఇప్పటికైనా ఒప్పుకున్నారు గదా, పోచవరం కూడా మా రాష్ట్రంలోదే!

భద్రాద్రివాసి:
మీతో మాట్లాడేకంటే సుడిలో చుక్కాని తిప్పడం తేలిక.

మల్కాజిగిరి అమ్మాయి:
అందరికీ కృతజ్ఞతలు. లక్నవరాన్ని రెండో రోజుకు మార్చాము, భద్రాచలం వైపే వెళ్తున్నాము, పాప కొలత జాకెట్టు మేమే కొని తీసుకెళ్తున్నాము. పిల్లలు మాత్రం పాపులు ఉండే కొండలా అని అడుగుతున్నారు. ఇంకొక మనవి, నా మొదటి ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు. పేరంటాలపల్లి గట్టు అమ్మ ఎక్కగలరా?

సరంగు గారి మనవడు:
పొరపాటు మాదేనమ్మా. నది తగ్గిన రోజుల్లో లాంచీ ఇసుక దగ్గర ఆగుతుంది, పలక మీదుగా దిగి ఇసుకలో నడిచి, ఆ తరువాత గట్టు ఎక్కాలి. మోకాళ్ల నొప్పులు ఉన్నవారికి ఎక్కడం కంటే ఇసుకలో నడవడమే కష్టం. చేతికర్ర తీసుకెళ్లండి, లాంచీలోని కుర్రాళ్లను అడిగితే చేయి అందిస్తారు. పైన మునివాటం అనే ఆశ్రమంలో శివాలయం, చెట్ల నీడ, కూర్చోవడానికి చోటు ఉంటాయి. ఎక్కలేకపోతే అమ్మగారు లాంచీలోనే ఉండవచ్చు. కొండరెడ్లు వెదురుతో చేసిన పువ్వులు అక్కడ అమ్ముతారు, పిల్లలతో ఒక గుత్తి తెప్పించి చేతిలో పెట్టండి. పిల్లల ప్రశ్నకు వస్తే, నది కొండలను తలలో పాపిడి తీసినట్టు చీల్చింది గనుక పాపిడి కొండలని, అదే వాడుకలో పాపికొండలు అయిందని మా తాతగారు చెప్పేవారు.

విశ్రాంత ఇంజనీరు:
పలక అన్నారు గనుక ఒక మాట. లాంచీకీ ఒడ్డుకూ మధ్య వేసే ఆ పలక వెడల్పు ఎంత ఉండాలన్న దానికి కూడా ఒక లెక్క ఉంది.

చందానగర్ చందు:
చెప్పండి సారూ, ఆ లెక్కలో తుప్పు ఉండదు గదా, చెక్కే కనుక.