జర్మనీ గడియారం మా ఇంట్లో టైము పట్టడం లేదు

డార్మ్‌స్టాట్‌లో ఆరేళ్లుండి హైదరాబాద్ వచ్చేశాం. రేడియో సిగ్నల్ అందుకుని తనే టైము సరిచేసుకునే అక్కడి గడియారం, బ్యాటరీ వేయగానే ముళ్లు గిర్రున తిరిగి పన్నెండు దగ్గర ఆగిపోతున్నాయి. జర్మనీలోని మైన్‌ఫ్లింగెన్ నుంచి వచ్చే ఆ టైము సిగ్నల్ ఇక్కడ అందదు కదా. అలాంటి సిగ్నల్ నేనే పంపుదామని ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ చిప్‌తో దాని ఫ్రీక్వెన్సీ 77.5 కిలోహెర్ట్జ్ తీసి, ఏరియల్‌గా పాత ట్రాన్సిస్టర్‌లోని ఫెర్రైట్ కడ్డీకి తీగ చుట్టాను. అయినా కదలదు. ఆ గడియారం నాన్న చివరిసారి మా దగ్గరికొచ్చినప్పుడు కొన్నది, పారేయలేను.

జవాబు: టైము సున్నాలు, ఒకట్లుగా సెకనుకొకటి వెళ్తుంది. ప్రతి సెకను మొదట్లో సిగ్నల్ బలం తగ్గించాలండీ: సున్నాకి 100 మిల్లీసెకన్లు, ఒకటికి 200. 59వ సెకనులో తగ్గించకూడదు, అదే నిమిషం గుర్తు. పంపాల్సింది రాబోయే నిమిషం టైము. నాకు అక్కడే వారం పోయింది.

జవాబు: మీ కడ్డీని గడియారంలోని కడ్డీకి సమాంతరంగా, జానెడు దూరంలో పెట్టండి. పొడవాటి ఏరియల్ మాత్రం కట్టొద్దు, సిగ్నల్ మీ గది దాటకూడదు. సెల్ చార్జర్ పక్కన ఉంటే తీసేయండి, దాని గోల ఈ ఫ్రీక్వెన్సీ మీదే పడుతుంది.

అడిగినవారు: దొరికిందండీ! 20వ సెకనులో ఎప్పుడూ 1 అంకె పంపాలి, నేను 0 పంపుతున్నా. మన టైమునే జర్మనీ టైమన్నట్టు పంపాను. నాలుగో నిమిషంలో ముళ్లు కదిలి 9:42 దగ్గర నిలిచాయి. అమ్మను పిలిచి చూపించాను. ఇద్దరికీ ఎంతో రుణపడి ఉన్నాను.