మైనం పట్టించిన నిషాపూర్ ఫిరోజాని ‘నేచురల్’ అని అమ్మొచ్చా?

టోలీచౌకీ_సాదిక్: మా మామూ ఇరాన్‌లోని మషద్ జియారత్ (యాత్ర) నుంచి ఫిరోజా (టర్కోయిస్ అనే నీలిరాయి) ఉంగరం తెచ్చారు. ఆ దేశపు నిషాపూర్ గనిదే, అజమీ అనే మేలురకం, పూర్తి నేచురల్ అని అక్కడి దుకాణదారు చెప్పాడట. ఇక్కడ చూపిస్తే మైనం పట్టించారు, కొన్న ధరలో సగం కూడా రాదన్నారు. ఎవరిని నమ్మాలి?

రాళ్లవ్యాపారి: ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. మైనం పట్టించడం మెరుగులో భాగం, పాత పద్ధతే. పచ్చలకి నూనె పట్టించడం లేదా, వాటిని నకిలీ అంటున్నామా? ధర తేల్చేది రంగు, గట్టిదనం, మచ్చ. మచ్చలేని నిండు నీలం అయితే అజమీ, నల్లటి గోధుమరంగు గీతలుంటే షజరీ. గీతలు సన్నగా, రాయంతా సమంగా అల్లుకుని ఉంటే షజరీకీ మంచి రేటే పలుకుతుంది. మైనం గురించి ఇంత రాద్ధాంతం అక్కర్లేదు.

ల్యాబ్_మూర్తి: నూనె పట్టించిన పచ్చకి సర్టిఫికెట్‌లో ఆ సంగతి రాస్తారు సార్, మీ ఉదాహరణే మీకు అడ్డం తిరిగింది. ఫిరోజా అంటే రాగి, అల్యూమినియం కలిసిన ఫాస్ఫేటు, ఒళ్లంతా కంటికి కనపడని రంధ్రాలు, గట్టిదనం మోహ్స్ కొలతలో 5 నుంచి 6. అసలైన గట్టి అజమీ ఉత్త సానకే మెరుస్తుంది. మైనం కావాల్సి వచ్చిందంటే రాయి మెత్తన అన్నమాట. లూప్ (చిన్న భూతద్దం) కింద పెట్టి వేడి సూదిని తగలకుండా దగ్గరికి తెండి, పైన చెమట పట్టినట్టు మైనం ఊరుతుంది.

గాజులపేట_శీను: టెస్టు పేరుతో పెద్దాయన ఉంగరం కాల్చకండి బాబూ

డల్లాస్_సుబ్బు: ముందు అది ఇరాన్‌దేనా? ఇక్కడ ‘పర్షియన్’ అని అంటగట్టేవాటిలో అరిజోనా స్లీపింగ్ బ్యూటీ రాళ్లు కూడా ఉంటాయి. ఆ గనిలో 2012లో ఫిరోజా తీయడం ఆపేశాక దానికీ గిరాకీ పెరిగింది.

రాళ్లవ్యాపారి: మషద్‌లో కొన్నదానికి అరిజోనా గొడవెందుకు సుబ్బుగారూ. మూర్తిగారూ, మీరు అన్నిటినీ ఒకే గాటన కడుతున్నారు. రెజిన్ (ప్లాస్టిక్ లాంటి జిగురు) ఎక్కించింది వేరు, దాని రేటు వేరు. జాకరీ పద్ధతిలో (రాయి రంధ్రాలు తగ్గించే ట్రీట్‌మెంట్) చేసింది ల్యాబ్‌లో పొటాషియం చూస్తేగానీ దొరకదు. హౌలైట్ అనే తెల్లరాయికి రంగేసింది అసలు ఫిరోజానే కాదు. వీటి పక్కన మైనం ఎంత?

ల్యాబ్_మూర్తి: ఎంత అని అడగలేదు. బయటి పదార్థం లోపలికి పోయిందా లేదా?

రాళ్లవ్యాపారి: పోయింది. అయితే?

ల్యాబ్_మూర్తి: అయితే నేచురల్ అని ఉత్తినే రాయకూడదు.

రాళ్లవ్యాపారి: దుకాణం అద్దె కట్టనివాళ్లు ఎన్నయినా చెప్తారు.

ల్యాబ్_మూర్తి: నాకు దుకాణం లేదు, దుకాణంలో మోసపోయిన అక్క ఉంది. పెళ్లికి కొన్న ఫిరోజా లాకెట్, బిల్లు మీద నేచురల్ అని ఉంది. ఇబ్బంది వచ్చి అమ్మబోతే అదే దుకాణంవాడు ‘రాయిలో రెజిన్ ఉందమ్మా, బంగారం వరకే లెక్కేస్తాం’ అన్నాడు. అమ్మేటప్పుడు కనపడని రెజిన్ వెనక్కి తీసుకునేటప్పుడు ఎలా కనపడింది? మీరు అది రెజిన్, ఇది మైనం అంటారు. బిల్లులో రెండూ లేవు కదా!

కోఠి_కనకం: ఇదీ పాయింటు

రాళ్లవ్యాపారి: అది మోసమే, నేను వెనకేసుకురాను. కానీ నేను బిల్లు మీద ‘మైనం పట్టించినది’ అని రాశాననుకోండి, కస్టమర్ పక్క షాపుకి పోయి అదే సరుకు రాయనివాడి దగ్గర ఇంకో వెయ్యి ఎక్కువిచ్చి కొంటాడు. నా కళ్లముందే జరిగింది. అందుకే నోటితో చెప్తాను, బిల్లులో రాయను. అంత చెప్తున్నారు కదా, అలా రాసిన రాయికి మీరైతే అదే ధర ఇస్తారా?

ల్యాబ్_మూర్తి: ఇవ్వను, తగ్గించి అడుగుతాను. రాయమంటున్నది అందుకే. ఇంతసేపూ ట్రీట్‌మెంటా కాదా అని నన్ను తిప్పారు, అసలు భయం బేరం గురించన్నమాట.

టోలీచౌకీ_సాదిక్: అన్నా, మీ ఇద్దరి గొడవ తర్వాత. వుజూ (నమాజుకి ముందు కాళ్లుచేతులు కడుక్కోవడం) చేసేటప్పుడు మామూని ఉంగరం తీయమనాలా వద్దా?

రాళ్లవ్యాపారి: తీయమను. సబ్బు, అత్తరు, చెమట ఏది పీల్చినా నీలం పచ్చబారొచ్చు, మైనం ఉన్నా పూర్తి భరోసా లేదు. ఇంకోటి, రాయి వెనకవైపు చూడు. పలచటి రాయికి బలం కోసం వెనక జిగురు పట్టీ వేస్తారు. క్యారెట్ లెక్కన కొని ఉంటే ఆ జిగురుకీ డబ్బు కట్టినట్టే.

ల్యాబ్_మూర్తి: మీ షాపులో ఆ జిగురైనా బిల్లులో రాస్తారా?