కొత్త పొదుపు సంఘం: ముందు బ్యాంకుకా, వెలుగు ఆఫీసుకా?

ప్రశ్న (కాలనీ కబురు): మా కాలనీలో కూలికెళ్లే 12 మంది ఆడవాళ్లు డ్వాక్రా సంఘం పెట్టుకుంటామంటున్నారు. నెలకు తలా వంద కడతారు. ముందు ఎక్కడికెళ్లాలి? లోను ఎప్పుడొస్తుంది?

పద్దుల పుస్తకం: ముందు సమావేశం పెట్టుకోండి, తిరగడం తర్వాత. 10 నుంచి 20 మంది ఉండొచ్చు కాబట్టి 12 మంది చాలు. అత్తాకోడళ్లు ఒకే ఇంట్లో ఉంటే ఒక్కరినే చేర్చండి. సంఘం పేరు, సమావేశం తేదీ, పొదుపు మొత్తం, లీడర్ల పేర్లు తీర్మానాల పుస్తకంలో రాసి అందరి సంతకాలో వేలిముద్రలో తీసుకోండి. ఆ తీర్మానంతోనే బ్యాంకులో పొదుపు ఖాతా తెరుస్తారు. ఖాతా వరకు లీడర్ల కేవైసీ (గుర్తింపు, చిరునామా పత్రాలు) సరిపోతుంది, ఇది ఆర్‌బీఐ నిబంధనే. బ్యాంకువాళ్లు మొత్తం 12 మందినీ కూలి మానుకుని రమ్మంటే ఆ మాట గట్టిగా చెప్పండి. తర్వాత గ్రామ సమాఖ్య (ఊళ్లోని పొదుపు సంఘాల కూటమి) పనులు చూసే వీఓఏను కలిసి అందులో చేరండి.

గట్టుమీద: లోను గురించి. ఆరు నెలలు డబ్బు ఖాతాలో పెట్టి ఎదురుచూసే సంఘాలే ఎక్కువ దెబ్బతింటాయి. బ్యాంకు నిల్వ ఒక్కటే చూడదు. పంచసూత్రాలు చూస్తుంది: క్రమంగా సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో వాయిదా, పుస్తకాలు. అప్పే ఇవ్వని సంఘానికి మూడోదీ నాలుగోదీ ఎక్కడివి? మొదటి నెల 1,200 వస్తే అక్కడే అవసరమైనామెకు వెయ్యి ఇవ్వండి. నూటికి రూపాయి చొప్పున నెలకు పది రూపాయల వడ్డీ, అదీ సంఘానికే.

కాలనీ కబురు: రాయడం వచ్చింది ఒక్కరికేనండీ.

పద్దుల పుస్తకం: ఒక్కరున్నా ఫర్వాలేదు, కానీ డబ్బు పెట్టె ఆమె దగ్గర ఉండకూడదు. లెక్క సమావేశంలోనే రాసి, లేచేముందు పైకి చదవాలి. ఇంటికి తీసుకెళ్లి మూడు నెలలది ఒకేసారి రాస్తే తేడా ఎవరిదో తేలదు. సభ్యుల పాసు పుస్తకాల్లోనూ అదే రోజు ఎక్కించాలి.

సాగర్ కాలువ: బ్యాంకు లోను వచ్చాక సమానంగా పంచుకోకండి. అందరూ చేసేది అదే, అసలు తంటా అక్కడే. అక్కర్లేనామె తన వాటా బయటివాళ్లకు తిప్పుతుంది, వాళ్లు ఎగ్గొడితే వాయిదా సంఘం మీద పడుతుంది. ఎవరికి ఎంత, దేనికి, ఎన్ని వాయిదాలన్నది ముందే సూక్ష్మ రుణ ప్రణాళికలో రాసుకోండి. పది లక్షల వరకు బ్యాంకు పూచీ అడగకూడదు, సంఘం పొదుపు ఖాతాను లోనుకు కట్టిపెట్టకూడదు. మేనేజరు కాదంటే వెలుగు ఆఫీసులో మండలానికి సంఘాలు చూసే అధికారి ఏపీఎంను వెంటబెట్టుకుని వెళ్లండి.