అనాథెమా అంటే నరకానికి పంపేయడమేనా?

ప్రశ్న: ట్రెంట్ మహాసభ (1545–1563లో జరిగిన కథోలిక బిషప్పుల సభ) తీర్మానాలు చదువుతున్నా, ఒక్కోదాని చివర ఇలా అనేవాడు అనాథెమా అని ఉంది, అంటే అలా అనేవాళ్లని శ్రీసభ (కథోలిక చర్చి) డైరెక్ట్‌గా నరకానికి పంపేసినట్టేనా?

జవాబు: కాదండీ, అది వెలి వేయడం. దివ్యసంస్కారాలు (సత్ప్రసాదం లాంటివి) ఆపేస్తారు, పశ్చాత్తాపపడి తిరిగొస్తే కలుపుకుంటారు. ఫలానా మనిషి నరకంలో ఉన్నాడని శ్రీసభ ఎప్పుడూ అధికారికంగా చెప్పలేదు.

ఇంకొకరు: పాతరోజుల్లో దీనికి పెద్ద తతంగమే ఉండేది, బిషప్పు చుట్టూ 12 మంది గురువులు (ఫాదర్లు) వెలిగించిన కొవ్వొత్తులు పట్టుకుని నిలబడి చివర్లో వాటిని నేలకేసి కొట్టేవాళ్లు, అచ్చం సినిమా సీనే 😅 1983 నాటి శ్రీసభ చట్టంలో ఆ పేరుతో శిక్షే లేదు, మామూలు వెలి మాత్రం ఉంది.

అడిగినవారు: మరి ట్రెంట్ తీర్మానాలు కూడా రద్దయినట్టేగా?

మొదటివారు: అబ్బే, పోయింది ఆ శిక్షే, సిద్ధాంతం అలాగే ఉంది.